బాబాయి పంపు, నా లెక్క

మాది కోనసీమలో కాలువగట్టున ఒక చిన్న పల్లె. చేలో మందు కొట్టిన మర్నాడు బోదెల్లో పరిగెలు వెల్లకిలా తేలడం చిన్నతనంలో మాకు వింత కాదు. వాటిని చూసే ఏ మందు కొట్టారో చెప్పేవారు మా బాబాయి. ఎండోసల్ఫాన్ అయితే చేప మిగిలేది కాదు. మోనోక్రోటోఫాస్ కొట్టిననాడు చేపలు ఈదుతూనే ఉండేవి. "ఇది మంచి మందురా, నీళ్ళను చెరపదు" అనేవారు.

ఆ మంచి మందే 1994 సార్వాలో ఆయనను గట్టు మీద పడగొట్టింది. పాత పంపు కారి వీపంతా తడిసిపోయింది. నోట నురగ, ఒళ్ళంతా చెమట, ఆవగింజంత అయిపోయిన కనుపాపలు. ఆసుపత్రిలో రెండు రోజులు అట్రోపిన్ ఇచ్చాక గాని మనిషి మాకు దక్కలేదు.

ఏళ్ళు గడిచాక, రసాయనాల విషతీవ్రతను కంప్యూటరుతో ముందుగా అంచనా కట్టడమే నా ఉద్యోగమైంది. (విధి విలాసం అనబోయి మానుకున్నాను, బాబాయి వింటే నవ్వుతారు.) ఈ విద్యకు బాట వేసినవారిలో ముఖ్యుడు కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాల ఆచార్యుడు కార్విన్ హాన్ష్. మొక్కల పెరుగుదలను మార్చే రసాయనాలపై 1962లో ఆయనా, సహచరులూ ప్రకటించిన పనిలో కీలకం ఇది: ఒక పదార్థం నూనెవంటి ఆక్టనాల్‌లోకి ఎంత చేరుతుంది, నీటిలో ఎంత మిగులుతుంది అన్న నిష్పత్తికి లాగరిథం కడితే, అది జీవకణంలోకి ఎంత సులువుగా చొరబడగలదో కొంతవరకు తెలుస్తుంది.

ఒక సాయంత్రం ఆ రెండు మందులనూ లెక్కకు పెట్టాను. ఎండోసల్ఫాన్‌కు ఆ అంకె నాలుగుకు అటూ ఇటూ; అంటే నీటికన్నా నూనె వైపు సుమారు పదివేల రెట్ల మొగ్గు. మోనోక్రోటోఫాస్‌కు సున్నాకు కాస్త దిగువ. ఈ ఒక్క అంకెతో కట్టిన నమూనా చేపల విషయంలో బాబాయి చెప్పిన మాటే చెప్పింది. బాబాయి పడ్డ పొరపాటే పడింది కూడాను.

మోనోక్రోటోఫాస్ చంపేది కొవ్వులో పేరుకొని కాదు. నరాల సందేశాన్ని ముగించే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును దానిలోని భాస్వరం పట్టుకుంటుంది. సందేశం ఆగక శరీరం తల్లడిల్లిపోతుంది. ఎలుకలకు కిలో బరువుకు ఇరవై మిల్లీగ్రాముల లోపే ప్రాణాంతకం. డబ్బా మీది ఎర్ర త్రికోణానికి అర్థం అదే. అర్జెంటీనాలో మిడతల మీద కొట్టిన ఈ మందే 1995-96లో వేలాది స్వైన్‌సన్ గద్దలను నేలకూల్చింది. భాస్వరం సంగతి చెప్పని నమూనాకు ఇవేవీ తెలియవు. తెలియకపోయినా అంకె మాత్రం ఇస్తుంది, అదీ దశాంశాలతో సహా! తాను చదువుకున్న అణువులకు పోలిక లేనిది ఎదురైతే "ఇది నా పరిధి కాదు" అనడం కూడా దానికి మనమే నేర్పాలి.

ఇప్పటి నమూనాలు ఎంతో మెరుగు. అయినా ఎక్కువగా అవి తూచేది ఒక్కొక్క అణువునే. మా కాలువల్లోనేమో అన్నీ కలిసే పారుతాయి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో, కళ్ళు తిరిగి ఆసుపత్రుల పాలైనప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలనూ అనుమానించారు. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్న నాకు నా పట్టికలన్నీ ఒంటరి అంకెల్లా తోచాయి.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఇదంతా బాబాయికి చెప్పాను. అరుగు మీద కూర్చుని ఓపికగా విన్నారు.

"బాగుందిరా. మరి నా పంపు కారిన సంగతి నీ లెక్కలో ఎక్కడుంది?"

లేదు. మందు ఎంత విషమో చెప్పే లెక్క అది. ఎంత మందు ఒంటికి తగులుతుందో చెప్పేది కాదు. ఆ మాటే అన్నాను. ఆయన తల ఊపి చుట్ట వెలిగించుకున్నారు.

మర్నాడు పొద్దున్నే, దాళ్వాకు తమ్ముడు సిద్ధం చేసుకున్న పంపును చూరు కింది నుంచి దించి చూశాను. మూత దగ్గర వాషరు అరిగిపోయి ఉంది. అమలాపురం బస్సెక్కి కొత్తది కొనుక్కొచ్చాను.