సముద్రం నడుమ తియ్యటి నీళ్లు

ముంబయి మిల్లుల్లో చేసిన మనవాళ్లకు కొంకణోళ్లు కొత్త కాదు. సాంచాల ఖాతాలో నా పక్క సాంచా ఆయనది మాల్వణ్. 1982 సమ్మెలో జీతాలు ఆగినయి. ఆయనకు ఊర్లో ఇంత వరిమడి ఉండె, పోయిండు, మళ్ల రాలేదు. నాకు చాళి గదే ఊరు. భివండి పవర్‌లూముల్లో చేరిన.

ఆయన ఎప్పుడూ చెప్పే సింధుదుర్గ్ కోటను ఈ ఏడు నేనూ మా ఇంటామె చూసినాము. రైల్లో కుడాళ్ దాకా, అక్కడినుంచి బస్సులో మాల్వణ్, ఆపైన పడవ. 1664లో శివాజీ మహారాజు మొదలుపెట్టించిన కోట. పునాదుల్లో సీసం పోసినారట. దగ్గరికి పోయేదాకా వాకిలి కనబడదు. లోపల శివరాజేశ్వర గుడి ఉన్నది. చుట్టూ ఉప్పునీళ్లు, లోపలి మూడు బావుల్లో తియ్యటి నీళ్లు. వాటిని పాలబావి, పెరుగుబావి, చక్కెరబావి అంటారు.

మా దోస్తు పోయి నాలుగేండ్లట. కొడుకు మమ్మల్ని తార్కర్లీ ఒడ్డుకు తీసుకపోయిండు. "మీ తెలుగాయన డబ్బాల పచ్చడి గురించి నాయిన చెప్పేటోడు" అన్నడు. బండి కిరాయి తీసుకోలేదు.

వానాకాలం కోటకు పడవలు నడవవు. దీపావళి దాటినాక పోండి. పిల్లల్ని తీసుకపోండి. మన పక్కన నిలబడి పని చేసినోళ్ల ఊరది.