కాలికి తెలియాలిగా!

సైకిలు కొనే ముందు రెండు నెలలు ఆలోచించాను. గేర్లెన్ని ఉండాలి, ఫ్రేము స్టీలా అల్యూమినియమా, సీటు ఎంత ఎత్తుండాలి... అన్నీ. కాళ్లకేం వేసుకోవాలన్నది మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఇంట్లో ఉన్న బూట్లేగా, వేసుకుని తొక్కేయడమేగా అనుకున్నా.

మార్చి నెలంతా ఆ ధీమా నిలబడింది. ఏప్రిల్ వచ్చి కూలదోసింది.

విజయవాడలో మా ఇల్లు సత్యనారాయణపురం. ఆఫీసు ఆటోనగర్ వైపు. ఆరేడు కిలోమీటర్లు. ఉదయం తొమ్మిదిన్నరకి బయల్దేరినా ఏలూరు రోడ్డు అప్పటికే సెగలు కక్కుతుంటుంది. నా కాళ్లకేమో పరుగు కోసం తయారుచేసిన ఖరీదైన బూట్లు. పైనంతా జల్లెడలాంటి గుడ్డ, గాలి బాగా ఆడుతుంది. కింద వేలెడు మందాన స్పాంజి. వీటికన్నా సుఖమైనవి ఉండవనుకున్నా. కానీ బెంజి సర్కిల్ దాటేసరికి బొటనవేలి వెనక, అరికాలి ముందు భాగంలో మంట మొదలయ్యేది. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు నిప్పుల మీద నడిచినట్టే! ఎండ వల్లేలే అని సరిపెట్టుకున్నా. అయితే అదే ఎండలో అవే బూట్లతో కూరగాయలకి నడిచి వెళితే ఏమీ అయ్యేది కాదు. అదెలాగో అర్థమయ్యేది కాదు.

ఆ ముడి విప్పింది మా వీధి చివర సైకిలు షాపు బాబాయి. పంక్చరు వేయించుకోవడానికి వెళ్లినప్పుడు నా గోడు విని, ఓ బూటు విప్పమని, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని పూరీలా మడిచేశాడు.

“ఇదిట్లా మడత పడుతుంటే పెడల్ మీద మీ పాదం కూడా ఇట్లాగే వంగుద్ది బాబూ. బరువంతా ఒక్కచోటే పడుద్ది. మంటెందుకు పుట్టదు?” అన్నాడు.

నిజమే. పరుగెత్తేటప్పుడు ఒంటి బరువంతా వచ్చి నేలకి గుద్దుకుంటుంది. ఆ దెబ్బని మింగేయడానికే ఆ స్పాంజి. సైకిలు తొక్కేటప్పుడు గుద్దుకోవడమే లేదు. అరచేతి వెడల్పున్న పెడల్‌ని అదేపనిగా నొక్కుతూ ఉండటమే. మెత్తటి స్పాంజి అక్కడ దిగబడిపోతుంది. దాంతో పెడల్ అంచు వచ్చి వేళ్ల వెనకున్న ఎముకల మీద కూర్చుంటుంది. ఎండకి పాదాలు కాస్త ఉబ్బుతాయి కూడా. బూటు బిగుతుగా ఉంటే ఇక చెప్పేదేముంది!

సైకిలు పోటీలకెళ్లేవాళ్ల సంగతి వేరు. వాళ్ల బూట్ల అడుగున చిన్న కొక్కెంలాంటిది ఉంటుంది. అది పెడల్‌లోకి టక్కున దిగి పట్టుకుంటుంది. మడమ పక్కకి తిప్పితేనే ఊడుతుంది. ఏ ఆటో ఎప్పుడు ఎడమకి కోసుకొస్తుందో తెలియని రోడ్ల మీద, సిగ్నలు సిగ్నలుకీ కాలు కింద పెట్టే నాలాంటివాడికి అది అచ్చిరాదు. నాది మామూలు బల్లపరుపు పెడల్. దాని మీద కాలు నిలబడేది రబ్బరు పట్టు వల్లే.

ఆ పట్టు విలువ చెప్పులేసుకున్నాక తెలిసింది. “ఈ ఎండల్లో బూట్లేమిట్రా, చక్కగా హవాయి చెప్పులేసుకో” అని ఆఫీసులో అందరూ సలహా ఇచ్చారు. వేసుకున్నా. హాయిగానే ఉంది, చెమట పట్టేదాకా. మూడో రోజు సిగ్నలు పచ్చబడగానే గట్టిగా తొక్కాను. చెప్పు పెడల్ మీదే ఉంది. చెప్పులో నా పాదం మాత్రం జర్రున ముందుకెళ్లిపోయింది. వదిలేసిన పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముక మీద కొట్టింది. దాని ఇనప పళ్లు దిగిన గుర్తులు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. చూపించమంటే చూపిస్తాను!

ఇంటికొస్తే నాన్న నవ్వారు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిలు మీదే తిరిగారు. “మా ఊళ్లో టైరు చెప్పులేసుకుని గంపెడు బరువుతో తొక్కేవాళ్లురా. ఎవడి కాలూ జారేది కాదు” అన్నారు. పాత లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. బరువెక్కువే కానీ ఎన్నేళ్లయినా అరిగేవి కావు. అన్నట్టు, ఎండకీ రబ్బరుకీ పాత వైరమే ఉంది. తొలి రోజుల్లో అమెరికాలో రబ్బరు బూట్లు ఎండాకాలం రాగానే కరిగి జిగురయ్యేవి, చలికాలంలో బీటలు వారేవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ జబ్బు పోతుందని కనిపెట్టాడు. టైర్లయినా, మనం చిన్నప్పుడు డ్రిల్లు పీరియడ్‌కి సుద్ద రాసి వేసుకున్న తెల్ల కాన్వాస్ బూట్లయినా దాని పుణ్యమే. 1985లో కాలిఫోర్నియాలో చార్లెస్ కోల్ అనే ఆయన బండలు ఎక్కేవాళ్ల కోసం ‘ఫైవ్ టెన్’ అని బూట్ల కంపెనీ పెట్టాడు. ఆ బూట్ల రబ్బరు రాతిని అంటిపెట్టుకునేది. తర్వాత బల్లపరుపు పెడళ్లతో కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్లు కూడా వాటినే వెతుక్కున్నారు. ఇది నాన్నకి చెబితే, “మా టైరు చెప్పులకేం తక్కువ?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మే మొదట్లో నాన్నకి సైకిలు మీద మళ్లీ మనసు పుట్టింది. తెల్లారి అయిదున్నరకే కాలవగట్టు వెంట ఓ గంట తిరిగొచ్చేవారు. ఇద్దరిదీ ఎనిమిదో నంబరే కాబట్టి నేను పక్కన పడేసిన పరుగు బూట్లు ఆయనకి వచ్చాయి. “మంట పుట్టడం లేదా నాన్నా?” అనడిగితే “నాకేమీ లేదురా. దూది మీద ఉన్నట్టుంది” అన్నారు. పాతకాలం కాళ్లు, గట్టివి అని మురిసిపోయాను. నాన్నకి పదిహేనేళ్లుగా షుగరు ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు.

ఓ ఆదివారం ఆయన తిరిగొచ్చి, బూట్లు విప్పి, పేపరు చదువుకుంటున్నారు. గచ్చు మీద ఎర్రటి మరకలు వరసగా కనబడి అమ్మ కేకేసింది. చూస్తే ఎడమ అరికాల్లో రూపాయి బిళ్లంత బొబ్బ చితికిపోయి ఉంది. బూటు తిరగేస్తే శనగ గింజంత గులకరాయి రాలిపడింది. గంటసేపు ఆ రాయి మీదే పెడల్ తొక్కారాయన. చెప్పులోని రాయిని ఓర్చుకోలేని బాధల్లో చేర్చాడు వేమన. మా నాన్నకి అది ఉన్నట్టే తెలియలేదు.

డాక్టరుగారు కట్టు కట్టాక నాన్నని కళ్లు మూసుకోమన్నారు. సన్నటి నైలాను పోగులాంటిది తీసి, “తగిలినప్పుడల్లా చెప్పండి” అంటూ అరికాల్లో ఒక్కోచోట ఆనించసాగారు. మొదట మడమ దగ్గర. నాన్న మాట్లాడలేదు. తర్వాత బొటనవేలి కింద. మాట్లాడలేదు. పాదం పైన ఆనించినప్పుడు “ఆఁ, తగిలింది” అన్నారు, పరీక్ష పాసైన పిల్లాడిలా. ఇంకా మొదలుపెట్టలేదనే అనుకుంటున్నారాయన. అప్పటికి నాలుగైదు చోట్ల అయిపోయింది. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

“మంట పుట్టడం లేదంటే కాళ్లు గట్టివని కాదు” అన్నారు డాక్టరుగారు, నా మనసులో మాట విన్నట్టే. షుగరు ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయట. నొప్పి, వేడి తెలియవు. చిన్న పుండు పెద్దదై వేలు తీసేసే దాకా వచ్చిన కేసులు ఎన్నో చూశానన్నారు. సైకిలు మానేయాలా అని నాన్న భయంగా అడిగారు. పుండు పూర్తిగా మానే దాకా వద్దు, తర్వాత తొక్కండి, బూటు మాత్రం చూసి కొనుక్కోండి అన్నారాయన. ఆ మానడానికి నెల పట్టింది.

జూన్ మొదట్లో ఇద్దరం బీసెంట్ రోడ్డుకి వెళ్లాం. సాయంత్రం ఏడింటికే వెళ్లాం. పొద్దున కొంటే సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుస్తుంది, ఎండాకాలం మరీను. మూడు షాపులు తిరిగాం. ‘సైకిలు కోసం’ అనగానే ప్రతి కుర్రాడూ పరుగు బూట్లే ముందు పెట్టాడు! నేను బాబాయి చేసినట్టే ఒక్కోదాన్నీ మడిచి చూశాను. వేళ్ల దగ్గర కాస్త వంగాలి, నడుము దగ్గర వంగకూడదు. అడుగున బొటనవేలితో నొక్కితే రబ్బరు కాస్త లొంగాలి కానీ దిగబడకూడదు. మడమ ఎత్తుగా ఉండకూడదు. షాపులో నున్నటి టైల్సు మీద రుద్ది చూస్తే కీచుమనాలి. కాన్వాస్ పైభాగం, బల్లపరుపు రబ్బరు అడుగు ఉన్న జత ఒకటి నాకు కుదిరింది. పరుగు బూట్లలో సగం ధర కూడా లేదు. ముందువైపు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉంచుకున్నా. లేసు చివరలు లోపలికి దోపుకోవాలి, లేకపోతే చైనులో పడతాయి. పడ్డాయి కూడా, ఓసారి.

నాన్న బూటు దగ్గరే ఆలస్యమైంది. నాకు మంట పుడితే బూటు మార్చుకున్నాను. ఆయన కాలు ఆ కబురు చెప్పదు. సుఖంగా ఉందా అని అడిగితే ప్రతి జతకీ ఉందనే అంటారు! అందుకని డాక్టరుగారు చిన్న ఉపాయం చెప్పారు. కాగితం మీద పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కాగితాన్ని కత్తిరించి బూటులో పెట్టి చూడాలి. అంచులు మడత పడ్డాయంటే ఆ బూటు ఇరుకే. అలా రెండు జతలు పోయాయి. చివరికి కింద గట్టి అడుగు, లోపల షుగరు చెప్పుల్లో వాడే మైక్రో సెల్యులార్ రబ్బరు పొర, వేళ్ల దగ్గర వెడల్పు, పైన అంటించే పట్టీ ఉన్నది దొరికింది. కుట్లు లోపలికి పొడుచుకు రాలేదని నేను చెయ్యి పెట్టి తడిమి చూశాను. “రంగు బాలేదురా” అన్నారు. నిజంగానే బాలేదు. అయినా కొన్నాం.

బాబాయి ఇనప పళ్ల పెడళ్లు తీసేసి పాత సైకిళ్లకుండే రబ్బరు దిమ్మెల పెడళ్లు బిగించాడు. నాకూ అవే బాగున్నాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే గడప దగ్గర చప్పుడవుతుంది. నాన్న రెండు బూట్లూ తిరగేసి కొట్టి, ఒక్కోదాన్లో మణికట్టు దాకా చెయ్యి పెట్టి వెతికి, తెల్ల మేజోళ్లు వేసుకుని బయల్దేరతారు. తెల్లవైతే రక్తపు మరక కనబడుతుందని అమ్మ ముదురు రంగువన్నీ తీసేసింది. తిరిగొచ్చాక అమ్మ పీట వేసుకుని కూర్చుంటుంది. ఆయన కాళ్లు చాపుతారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అరికాళ్లు రెండూ వేళ్ల సందులతో సహా చూస్తుంది. మొదట్లో ఆయనకి మహా సిగ్గుగా ఉండేది. ఇప్పుడు పేపరు చదువుకుంటూ చాపేస్తున్నారు.

“నీవి కూడా దులుపుకోరా” అంటారు నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే.

“నాకు రాయుంటే తెలుస్తుందిగా నాన్నా!” అన్నానో రోజు. అని నాలిక్కరుచుకున్నాను. ఆయనేమీ అనలేదు. నా బూట్లు తీసుకుని, గడపకేసి రెండుసార్లు కొట్టి ఇచ్చారు.