అరుగు అందరిది, గాదె ఇంటోళ్ళది: మన గూడెం వైఫై ముచ్చట



ఈసారి పోడు పట్టాల గురించో, స్కాలర్‌షిప్ గురించో కాదు, మన గూడేల్లో మిణుకుమిణుకుమనే ఆ చిన్న డబ్బా గురించి రాస్తున్న. రౌటర్. "ఇది సాఫ్ట్‌వేరోళ్ళ ముచ్చట, మనకెందుకు" అనుకోకండి. మీ అవ్వ పింఛను దాని మీదుగనే వస్తుండొచ్చు.

నేను డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. గిరిజన సంక్షేమ హాస్టల్లో ఉంట. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా మేనమామకి గూడెంలో కిరాణా కొట్టు ఉంది, అందులోనే బ్యాంకు పాయింటు. పింఛను, ఉపాధి హామీ కూలి, తునికాకు పైసలు అన్నీ వేలిముద్ర పెట్టి అక్కడే తీసుకుంటరు. మండలం దాకా పోయే ఛార్జీ, ఒక రోజు కూలి మిగులుతది. కొట్టుకి ఒకటే ఇంటర్నెట్ లైను. పాస్‌వర్డ్ ఉంది గానీ ఊరందరికీ నోటికొచ్చు. సాయంత్రం అయితే పది పన్నెండు మంది పిల్లలు ముందర చింతచెట్టు కింద ఫోన్లు పట్టుకుని కూర్చుంటరు. కొందరికి ఆటలు, కొందరికి గురుకుల ప్రవేశ పరీక్ష వీడియోలు.

దసరా సెలవులకి పోయినప్పుడు ఆ రౌటర్ సెట్టింగులు తెరిచి చూసిన. లాగిన్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. అంటే ఆ వైఫై దొరికినోళ్ళు ఎవరైనా లోపలికి పోయి ఏదైనా మార్చొచ్చు.

మారిస్తే ఏమైతది? 2011 ప్రాంతంలో బ్రెజిల్ దేశంలో దొంగలు లక్షల ఇళ్ళ మోడెమ్‌లలోకి చొరబడి డీఎన్ఎస్ అడ్రసులు మార్చేసిండ్రు. మనం సైటు పేరు కొడితే దానికి దారి చూపేది డీఎన్ఎస్. దారి చూపేటోడే దొంగ అయితే, బ్యాంకు పేరు కొట్టినా దొంగ పేజీకే పోతం. 2016లో మిరాయ్ అనే వైరస్ వచ్చింది. 60కి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని ప్రపంచమంతా కెమెరాలనీ, రౌటర్లనీ తట్టుకుంటూ పోయింది. పేదోడి ఇల్లా, పెద్దోడి ఇల్లా అని దానికి పట్టింపు లేదు.

మామకి చెప్తే నవ్విండు. "అల్లుడా, కొట్టుకే గొళ్ళెం సరిగ లేదు, వైఫైకి తాళమా? మరి పిల్లలు చదువుకోవద్దా?" అన్నడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఉన్నది పంచుకునుడు మన అలవాటు. కానీ రేపు ఒక ముసలవ్వ పైసలు పోతే రౌటర్‌ని ఎవరూ అడగరు, మామనే అడుగుతరు. ఇన్నేళ్ళ నమ్మకం ఒక్కరోజులో పోతది.

అందుకే మన ఇంటి లెక్కలోనే చెప్పిన. "మామా, అరుగు మీద ఎవరైనా కూర్చుంటరు. గాదె కాడికి మాత్రం ఇంటోళ్ళే పోతరు గద. ఇంటర్నెట్‌ని కూడా అట్ల రెండు చేద్దాం." ఒప్పుకున్నడు. మీరు కూడా చేసుకోవచ్చని వరుసగా రాస్తున్న:

1. రౌటర్ వెనక స్టిక్కరు మీద 192.168.1.1 లాంటి నంబరు ఉంటది. బ్రౌజర్‌లో అది కొట్టి లోపలికి పోవాలి. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. ఇది వైఫై పాస్‌వర్డ్ వేరు, అది వేరు. రెండూ ఒకటే పెట్టొద్దు.

2. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయాలి. వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టాలి.

3. డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయాలి. దాని పిన్ 8 అంకెలే అయినా రెండు ముక్కలుగా సరిచూస్తది. అందుకే సుమారు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతదని 2011లోనే బయటపడింది. రిమోట్ మేనేజ్‌మెంట్, యూపీఎన్‌పీ కూడా ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయాలి.

4. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. అది చేసే పని సులువే. మనం లోపలి నుంచి ఏదైనా అడిగితే దాని జవాబుని లోపలికి రానిస్తది. మనం పిలవకుండా బయట నుంచి వచ్చి తలుపు కొట్టేదాన్ని ఆపేస్తది.

5. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాలి. ఇదే మన అరుగు. పిల్లల ఫోన్లన్నీ దీంట్లో. బ్యాంకు ల్యాప్‌టాప్ మాత్రం వైరుతో అసలు నెట్‌వర్క్‌లో. ఫోన్ని గెస్ట్‌కి కలిపి 192.168.1.1 కొట్టి చూడండి. రౌటర్ పేజీ తెరుచుకుంటే గోడ సరిగ లేనట్టే, సెట్టింగు మళ్ళీ చూడాలి.

గెస్ట్‌కి స్పీడు హద్దు కూడా పెట్టిన. అంతకుముందు పిల్లలు వీడియోలు చూస్తుంటే వేలిముద్ర పెట్టినంక చక్రం తిరుగుతనే ఉండేది, ముసలోళ్ళు నిలబడి మళ్ళీ మళ్ళీ వేలు పెట్టేది. ఇప్పుడు అది బాగా తగ్గింది. వీడియో కొంచెం మసకగ వస్తుందని ఇద్దరు తమ్ముళ్ళు అలిగిండ్రు. మీ తాత పింఛను ముందా, నీ ఆట ముందా అని అడిగితే నవ్వి ఊరుకున్నరు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మనమే చెప్పినంక ఏ ఫైర్‌వాలూ కాపాడదు. ఫోన్‌లో ఓటీపీ చెప్పొద్దు, రసీదు తీసుకోకుండా వేలు పెట్టొద్దు అని పెద్దోళ్ళకి మన భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పని కంపెనీలోళ్ళు వచ్చి చేయరు, మనమే చేయాలి. నాకు ఈ పనికి పట్టింది ఒక పూట. ఖర్చు రూపాయి కాలేదు.

సంక్రాంతి సెలవులకి ఊరికి పోయేటోళ్ళు మీ గూడెంలో ఒక్క రౌటరైనా చూసి రండి. కొన్ని డబ్బాల్లో సెట్టింగులు తెరుచుకోవు, అప్పుడు లైను వేసినాయన్ని అడగండి. ఎక్కడన్నా ఆగిపోతే ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం. స్టిక్కరు ఫొటో మాత్రం గ్రూపులో పెట్టకండి, పాస్‌వర్డ్ దాని మీదే ఉంటది.