నాలుగు బిందెల సముద్రం

మా పెద్దమండ్యంలో నన్ను "సముద్రమ్మ" అంటారు. ఎగతాళికే అనుకోండి. మా ఊరి చుట్టూ గుట్టలు, బండలు, వేరుశనగ చేలు. బోరులో నీళ్లు పడిన అదృష్టవంతుడికి టమోటా. సముద్రం చూడాలంటే తూర్పుగా నూటయాభై కిలోమీటర్లకు పైగా పోవాలి. మా వైపు పాపఘ్ని అని ఒక ఏరు వుంది గాని, అది నిండుగా పారిన సంవత్సరాలను మా పెద్దవాళ్లు కథల్లాగా చెప్పుకుంటారు. అటువంటి చోట కూర్చుని నేను గుడ్డల మీద సముద్రాలు వేసి అమ్ముతున్నాను. నవ్వేవాళ్లది తప్పు కాదు.

ఈ పిచ్చి నాకు తొమ్మిదో ఏట పట్టింది. మా మేనమామ మమ్మల్ని నెల్లూరులో ఏదో పెళ్లికి తీసుకుపోయి, మర్నాడు పిల్లలందరినీ మైపాడు తీసుకువెళ్లాడు. ఇసుక దిబ్బ ఎక్కి చూసేసరికి నాకు మాట పడిపోయింది. కాసేపటికి తేరుకుని, "ఇది ఎవరిది మామా?" అని అడిగానట. మా ఊళ్లో బావికీ బోరుకీ ఎవరో ఒకరు యజమాని వుంటారు గదా! ఇంటికి రాగానే బొగ్గు తీసుకుని వంటింటి గోడ నిండా అలలు గీశాను. అమ్మ ముందు నన్ను కొట్టింది, తర్వాత గోడకు సున్నం కొట్టించింది.

ఇంటరు తప్పాక (అవును, తప్పాను, దాచడమెందుకు?) శ్రీకాళహస్తిలో మా బంధువుల ఇంట రెండేళ్లుండి, పక్కింటి అక్క దగ్గర కలంకారీ నేర్చుకున్నాను. ఒకప్పుడు ఆ పని దాదాపు అడుగంటిపోయింది. కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోగా, 1950ల చివరలో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి చేత పిల్లలకు నేర్పించారు. జొన్నలగడ్డ గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నాకు నేర్పిన అక్కకు ఏ బిరుదూ రాలేదు గాని, గీత వంకర పోతే నా వేళ్ల మీద కలంతో ఒకటి వేసేది.

ఆ పని చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతాము. పాలలోని కొవ్వు లేకపోతే సిరా వేసిన చోట నిలవక పాకిపోతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురుపుల్లకు నూలు చుట్టిన కలంతో నల్లగీత దిద్దుతాము. ఆ నలుపు పేరు కసిమి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడితే వస్తుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, తర్వాత రంగుచెక్క వేసి కాగిన నీళ్లలో ఉడికిస్తాము. పటిక వున్న చోటనే ఎరుపు అంటుకుంటుంది. "పారే నీళ్లలో" అన్న మాట గుర్తుంచుకోండి. నా కథంతా ఆ ముక్కలోనే వుంది.

నేర్చుకునేటప్పుడే నాకొక సంగతి తెలిసింది. సముద్రాన్ని నేను కొత్తగా తెచ్చి పెట్టనక్కరలేదు, అది ఆ గుడ్డల మీద ఎప్పటినుంచో వుంది. సేతుబంధం వేస్తే సముద్రం రావాలి. క్షీరసాగర మథనం వేసినా, మత్స్యావతారం వేసినా అంతే. అందరూ రాముడి మొహం చక్కగా కుదరాలని తంటాలు పడేవారు. నేను వారధి కింద చేపలను దిద్దుతూ కూర్చునేదాన్ని. "ఒసే, నీ సముద్రంలో వానరసేన మునిగిపోతుంది, కాస్త తగ్గించు!" అనేది అక్క.

ఇంకొకటి తర్వాత చదివి తెలుసుకున్నాను. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట మన తీరపు అద్దకాల ఎరుపుకు సీమదేశాల్లో గొప్ప పేరు. అది చిరివేరు నుంచి తీసిన ఎరుపు. సముద్రపు గవ్వలు, ఆల్చిప్పలు పొడి అయి కలిసిన ఇసుకనేలల్లో పెరిగిన వేరుకే మంచి రంగు వస్తుందనీ, నిజాంపట్నం వైపు వేరు మేలైనదనీ ఆనాటి వర్తకులకు తెలుసు. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలోనూ అక్కడా కొట్లు తెరిచారు. ఈ గుడ్డల తాకిడికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు నిషేధాలు పెట్టాయి. నేను సముద్రమంటే నీలమే అనుకుంటూ వుంటే, ఎరుపులోనే సముద్రం వుండేదన్నమాట!

పెళ్లి మా ఊళ్లోనే అయింది. అత్త అంటే మా నాన్న చెల్లెలే. బావకు రెండెకరాల చేను, ఒక బోరు, ఒక ఎనుము. నా కలంకారీ చీటికీ మాటికీ చిల్లర తెచ్చేది గాని, వ్యాపారమనిపించుకునేది కాదు. అప్పుడు బెంగుళూరు నుంచి ఒక హోటలువారు ఫోనులో నా బొమ్మలు చూసి, భోజనాల గదికి ఆరు సముద్రాలు కావాలన్నారు. దేవుళ్లు వద్దట, ఉత్త సముద్రం చాలునట. పదివేలు ముందుగా పంపారు. నా ఆనందం ఏమని చెప్పను! ఆ పదివేలూ ఆ వారమే వేరుశనగ విత్తనాలకు పోయాయి.

బొమ్మలు గీసే ముందు మళ్లీ మైపాడు వెళ్లి వచ్చాను. చేపలమ్మే ఒకామెకు నా పాత గుడ్డ చూపించాను. ఆమె కడుపుబ్బ నవ్వింది. "ఏందమ్మా, చేపలన్నీ ఒకే పక్కకి పోతా వుండాయి? పెళ్లికా?" అంది. చందువా ఎలా వుంటుందో, వంజరం ఎలా వుంటుందో గంపలోంచి తీసి చూపించింది. అలివి వల లాగేటప్పుడు మనుషులు ఎటు ఒరుగుతారో చెప్పింది. నేను, "నీకేమమ్మా, రోజూ సముద్రం చూస్తూ వుంటావు, అదృష్టవంతురాలివి" అన్నాను. ఆమె మొహంలో నవ్వు తగ్గింది. "దూరంగా వుండావు కాబట్టి నీకట్లా వుందమ్మా. గాలి లేచిన రాత్రి మేము దాని వైపు చూడం" అంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుందని నేను చదివినదే. కాని చదవడం వేరు. ఆ రోజు గీసుకున్న కాగితాలను మౌనంగా సంచిలో పెట్టుకున్నాను.

ఆరు గుడ్డలకూ నల్లగీత అయింది, పటిక పూయడం అయింది. ఇక జాడించాలి. కాళహస్తిలో అయితే స్వర్ణముఖిలో నీళ్లు లేకపోయినా ఇసుకలో చెలమ తీసుకునేవాళ్లం, లేదా మోటరు పెట్టి పారించేవాళ్లం. ఇక్కడ? కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. టాంకరుకు డబ్బు లేదు. పెరట్లో ఎనుముకు నీళ్లు పోసే సిమెంటు తొట్టి నిండుగా కనిపించింది. నీళ్లు నీళ్లే గదా అనుకున్నాను. నాలుగు గుడ్డలు అందులోనే ముంచి తీశాను.

నిలిచిన నీళ్లలో వదిలిన పటిక ఎక్కడికి పోతుంది? మళ్లీ గుడ్డకే అంటుకుంది. ఉడకబెట్టి పైకి తీస్తే చేప లేదు, పడవ లేదు, కొస నుంచి కొస దాకా ఎర్రబారిన మరకలు. సముద్రానికి తట్టు పోసినట్టుంది. నేను పొయ్యి దగ్గరే కూలబడ్డాను. అదే వేళకు పెరట్లో అత్త కేక. ఎనుము తొట్టిలో మూతి పెట్టి, విదిలించి తీసేసిందట.

"ఏమ్మే, కొళాయికాడ రెండు గంటలు నిలబడి మోసిన నీళ్లు! గొడ్డు నోట్లో మన్ను కొట్టి గుడ్డలు ఉతుకుతా ఉండావా? సముద్రం గీసేదానికి సముద్రంకాడికే పో!"

జవాబు చెప్పడానికి నాకు నోరెక్కడిది? గుడ్డకు పోసిన పాలు కూడా ఆ ఎనుమువే. బావ ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. తిరిగి ఇద్దామంటే పదివేలు చేనులో మట్టి కింద వున్నాయి. వాన వచ్చేవరకు అవి వున్నట్టా, పోయినట్టా?

మూడు రోజులు అత్త నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు అన్నం పెడుతూ, నా వైపు చూడకుండానే, "పారే నీళ్లు అంటా ఉంటివే, ఎంత పారాల?" అని అడిగింది. చెప్పాను. "చేను కాడ మోటరేస్తే కాలవ పారదా? దాంట్లో గుడ్డ ఆడించుకో. గుడ్డకీ అయితాది, కిందుండే టమోటాకీ అయితాది. ఒక్క చుక్క పోదు" అంది. రెండేళ్లు నేర్చుకుని వచ్చినదాన్ని, నాకు తోచలేదు!

అయితే బావకు భయం వేసింది, పటికకు మొక్కలు చస్తాయేమోనని. మొదట గట్టు చివర నాలుగు మొక్కలకు పెట్టి వారం చూశాము. ఏమీ కాలేదు. అప్పటినుంచి కరెంటు వచ్చే వేళే నా పని వేళ. ఒక్కొక్కప్పుడు తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని అత్త గట్టు మీద, మోకాలిలోతు చలినీళ్లలో నేను. హోటలువారి గుడ్డలు రెండు నెలలు ఆలస్యంగా అందాయి. కొంత తగ్గించుకునే మిగతా డబ్బు పంపారు. న్యాయమే.

తర్వాత మెల్లగా బేరాలు పుట్టాయి. బజార్లో మిల్లు ప్రింటు గుడ్డను కలంకారీ అని చౌకగా అమ్ముతున్నారు. "అదే బొమ్మ అక్కడ మూడువందలకే వచ్చిందే!" అంటారు వచ్చినవారు. వాళ్లకు గుడ్డ మూలన వాసన చూడమంటాను. పాలు, కరక్కాయ వాసన ఎన్ని ఉతుకులకో గాని పోదు. కొందరు ముక్కు మూసుకుని వెళ్లిపోతారు, కొందరు కొంటారు. కొనేవాళ్లంతా నీలమే కోరతారు. మైపాడులో సముద్రం ఒడ్డున మట్టిరంగు, అవతల పాకుడు పచ్చ. అలాగే వున్నదున్నట్టు కరకపువ్వు పసుపు, పలుచని నీలిమందు కలిపి ఒకటి వేశాను. రెండేళ్లయినా ఎవరూ అడగలేదు, మడిచి పెట్టెలో పెట్టాను. అన్నం పెట్టేది నీలిసముద్రమే గనుక దానినే వేస్తున్నాను.

పోయిన మాఘమాసంలో అత్తను మైపాడు తీసుకువెళ్లాను. డెబ్భై ఏళ్లకు ఆమె సముద్రం చూడటం అదే మొదలు. చాలాసేపు నిలబడింది. వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఇన్ని నీళ్లుండి ఏం లాభం, ఎనుము గూడా తాగదే!" అంది. చీర కుచ్చిళ్లు తడుస్తున్నా వెనక్కు రాలేదు. రమ్మంటే, "ఉండవే" అని విసుక్కుంది.

తిరుగు ప్రయాణంలో రాయచోటి దాటేవరకు పలకలేదు. నిద్రపోయిందనుకున్నాను. ఉన్నట్టుండి, "ఆ పెట్టెలో దోపినావే మట్టిరంగుది, అదే నిజం మాదిరి ఉండాది. దాన్ని ఎంతకి అమ్ముతావు?" అంది.

"నాలుగువేలు అనుకున్నాను అత్తా. ఎవరూ కొనలేదు."

అత్త వేళ్లు మడిచి లెక్క వేసింది. గుడ్డ, పాలు, కరక్కాయ, నా కూలి.

"నేను టార్చిలైటు పట్టింది ఎయ్యలేదే నువ్వు? అయిదు చెప్పు" అంది, కొంగు తల మీదికి లాక్కుని.