నీళ్ళు కారే పొడి కళ్ళు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థినులుగా ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, చదువు గురించో లక్ష్యాల గురించో రాద్దామనుకున్నాం. కానీ అవి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. చదువుకు ముందు కావలసినవి కళ్ళు. ఆ కళ్ళ గురించి ఈ సంచికలో ఎవరూ రాసినట్టు మాకు గుర్తు లేదు. అందుకే మేము రాస్తున్నాం.

మేము ముగ్గురం ఈ హాస్టల్లో 8వ తరగతిలో చేరినవాళ్ళం. ఒకే గది, ఒకే ట్రంకు పెట్టెల వరుస. ఇప్పుడు ముగ్గురికీ 23 ఏళ్ళు. వరంగల్‌లో పీజీ చదువుతున్నాం. మా ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషి మేమే. మాలో ఒకరికి కంటి జబ్బు వచ్చింది. ఎవరికి వచ్చిందో ఇక్కడ రాయడం లేదు. ఆడపిల్లకు కంటి జబ్బు అంటే చాలు, సంబంధం చూడడానికి వచ్చేవాళ్ళు వెనక్కి తిరిగే ఊళ్ళు మనవి. పైగా మంట ఒకరిదే అయినా, చుక్కల టైము గుర్తు పెట్టుకున్నది ఒకరు, రాత్రిపూట పాఠాలు చదివి వినిపించింది ఒకరు. కాబట్టి 'మా కళ్ళు' అనే రాస్తాం. అదే నిజం కూడా.

2024 ఎండాకాలంలో మొదలైంది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుని ఉండేవి. రెప్ప వెంట్రుకల మొదళ్ళలో చుండ్రు లాంటి పొట్టు. మధ్యాహ్నానికి కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర. సాయంత్రం పుస్తకం పట్టుకుంటే అక్షరాలు మసకబారేవి, రెండుసార్లు రెప్ప కొడితే మళ్ళీ తేటగా కనిపించేవి. అన్నిటికంటే ఇబ్బంది, బస్సు కిటికీ గాలి తగిలితే చాలు, బొటబొటా నీళ్ళు కారేవి. క్లాసులో పక్కవాళ్ళు "ఎందుకు ఏడుస్తున్నావ్?" అని అడిగేవాళ్ళు. ఏడవడం లేదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి నిజంగానే ఏడ్చిన రోజులున్నాయి.

సెమిస్టర్ పరీక్షలకు నెల రోజులే ఉంది. పుస్తకాలన్నీ కొనే స్తోమత లేక సగం సిలబస్ ఫోనులో పీడీఎఫ్‌లుగా చదివేవాళ్ళం. అరగంట చదివితే అరగంట కళ్ళు మూసుకుని పడుకోవాల్సి వచ్చేది. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ ఒకటే మాట అంది: "కండ్లు పోయినంక సదువేం జేసుకుంటవ్ బిడ్డా, బందువెట్టి ఇంటికి రా." ఆ మాటలో ప్రేమే ఉంది. కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళి ఉంటే మళ్ళీ తిరిగి వచ్చేవాళ్ళం కాదేమో. మన ఇళ్ళల్లో ఒకసారి ఆగిన ఆడపిల్ల చదువు మళ్ళీ మొదలవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర లేదు.

ముందు ఒక మందుల షాపుకు వెళ్ళాం. కళ్ళు ఎర్రబడ్డాయనగానే, చీటీ కూడా అడగకుండా, ఒక చుక్కల మందు చేతిలో పెట్టారు. అట్టపెట్టె మీద డెక్సామెథసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్ అని మాలో కెమిస్ట్రీ చదివే ఆమెకు తెలుసు. తిరిగి ఇచ్చేసి వచ్చాం. స్టెరాయిడ్ చుక్కలతో ఎరుపు ఒక్క రోజులో తగ్గిపోవచ్చు. అందుకే అందరూ వాటిని మెచ్చుకుంటారు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లాలు రావచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. చెల్లెళ్ళూ, ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

తర్వాత ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్ళాం. ముందు గోడ మీద అక్షరాలు చదివించారు. అన్నీ చదివేశాం. అద్దాలు అక్కర్లేదన్నారు. ఆ తర్వాత డాక్టరమ్మ గడ్డం ఆనించి కూర్చోబెట్టి, మైక్రోస్కోపు లాంటి యంత్రంతో రెప్పల అంచులు చూశారు. పసుపురంగు మందు కంటికి తాకించి, రెప్ప కొట్టకుండా ఉండమని లెక్కపెట్టారు. కన్నీటి పొర చెదరకుండా కనీసం పది సెకన్లు నిలవాలట. మాకు నాలుగు సెకన్లకే చెదిరిపోయింది. ఆపైన కింది రెప్పలో సన్నని కాగితపు ముక్క ఐదు నిమిషాలు పెట్టి ఎంత తడిసిందో కొలిచారు. దాన్ని షిర్మర్ పరీక్ష అంటారు. తడి సరిపడానే ఉంది. "నీళ్ళు ఉన్నాయి, నూనె లేదు. పొడి కన్ను, దాంతోపాటు రెప్పల వాపు" అన్నారు.

నీళ్ళు కారుతుంటే పొడి కన్ను ఏమిటని మేము తెల్లబోయాం. ఆమె ఓపిగ్గా చెప్పారు. కన్నీరు వట్టి నీరు కాదు. కనుగుడ్డుకు అంటుకునేలా చేసే జిగురు, దాని పైన నీరు, అన్నిటికంటే పైన పలుచని నూనె. పులుసు మీద నూనె తేలినట్టు ఆ నూనె కన్నీటి మీద తేలుతూ నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. ఆ నూనె తయారు చేసేవి రెప్పల అంచుల్లో వరుసగా ఉండే సన్నని గ్రంథులు. జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ 1666లో వీటిని వర్ణించాడు కాబట్టి మైబోమియన్ గ్రంథులంటారు. రెప్పలు వాచి ఆ నూనె చిక్కబడితే గ్రంథుల మూతులు మూసుకుపోతాయి. పొర త్వరగా ఆరిపోతుంది. కన్ను మండుతుంది. మంటకు తట్టుకోలేక కన్ను ఒక్కసారిగా నీళ్ళు కుమ్మరిస్తుంది. అందులో నూనె తక్కువ కాబట్టి అవి చెంప మీదికి జారిపోతాయే తప్ప కంటిని కాపాడవు. ఇదీ మా ఏడుపు లేని కన్నీళ్ళ కథ.

ఫోను సంగతి కూడా అప్పుడే తెలిసింది. మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల దాకా కొట్టే రెప్ప, తెర వైపు చూస్తున్నప్పుడు సగానికి పైగా తగ్గిపోతుందట. రెప్ప కొడితేనే ఆ గ్రంథుల్లోంచి నూనె బయటికి వస్తుంది. మొటిమలకు మాత్రలు వాడుతున్నారా, అలర్జీ మాత్రలు వేసుకుంటున్నారా, నోరు ఎండిపోతుందా, కీళ్ళ నొప్పులున్నాయా అని కూడా అడిగారు. కొన్ని మందులు కంటిని ఎండబెడతాయి. నోరు ఎండడం, కీళ్ళ నొప్పులు కూడా ఉంటే షోగ్రెన్ అనే వేరే జబ్బు ఉందేమో చూడాలట. మాకు అవేమీ లేవు.

వైద్యం వింటే చాలా చిన్నదిగా అనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున, మూసిన కళ్ళ మీద వేడి కాపడం. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఎండలో పెడితే కరిగినట్టు, ఆ వేడికి రెప్పల్లోని నూనె కరుగుతుంది. తర్వాత పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి వేలితో మెల్లగా నిమరాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో రెండు చుక్కలు బేబీ షాంపూ కలిపి, శుభ్రమైన దూదితో వెంట్రుకల మొదళ్ళు తుడవాలి. కన్నీటికి బదులుగా కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు. ఆరు వారాలు డాక్సీసైక్లిన్ మాత్ర. ఆ మాత్ర పాలతో వేసుకోకూడదు, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, ఎండలో ఎక్కువ తిరగకూడదు. గర్భిణులకు అది పనికిరాదు. అందుకని "మాకు తగ్గింది కదా" అని ఎవరికీ ఇవ్వకూడదు.

వినడానికి తేలిక, హాస్టల్లో చేయడం కష్టం. గదిలో హీటరు పెట్టనివ్వరు. వంటగదిలో అక్కకు విషయం చెప్పాం. పొద్దున టిఫినుకు పొయ్యి వెలిగించగానే, రాత్రి అన్నం దించాక, ఒక స్టీలు గిన్నెలో వేడినీళ్ళు మాకోసం పక్కన పెట్టేది. తెల్ల నూలు గుడ్డలు రెండు పెట్టుకున్నాం. ముంజేతి మీద వేడి చూసుకుని, ఒకటి చల్లారితే రెండోది. ఆ పది నిమిషాలు ఒకరు నోట్సు పైకి చదివేవాళ్ళు. అలా విన్న పాఠాలే పరీక్షలో బాగా గుర్తొచ్చాయి. మొదటి చుక్కల బుడ్డి ఖరీదు వంద దాటింది. తర్వాత అదే మందు జన ఔషధి దుకాణంలో తక్కువకు దొరికింది. మూత తీసిన బుడ్డిని నెల దాటితే పారేయాలి. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేని చుక్కలు అడగాలి, ఎందుకంటే ఆ ప్రిజర్వేటివే కంటిని రేపుతుంది. కాటుక పూర్తిగా మానేశాం. అది రెప్పల అంచున పేరుకుని గ్రంథుల మూతులకు అడ్డం పడుతుంది.

ఇక తిండి. "ఏం తింటే తగ్గుతుంది?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. అమ్మ పొన్నగంటి కూర కట్టలు కట్టి పంపింది. ఆ పేరే కంటి నుంచి వచ్చిందని మన పెద్దవాళ్ళు చెబుతారు. పప్పులో వేసుకుని ఇష్టంగా తిన్నాం. కానీ దాని రసం కంట్లో పిండమన్న సలహాను మాత్రం పాటించలేదు. తేనె, ఆముదం, తల్లిపాలు, ఏదైనా సరే కంట్లో పోసుకోకూడదు.

విటమిన్-ఎ లోపం వల్ల కూడా కళ్ళు పొడిబారతాయి. అది వేరే జబ్బు. రేచీకటితో మొదలై గుడ్డితనం దాకా పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్-ఎ మందు పోసే కార్యక్రమం 1970లో దేశంలో మొదలైంది. మాకు ఆ లోపం లేదని డాక్టరమ్మ చెప్పారు. అయినా మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు మానకండి. ఆకుకూరలో కాస్త నూనె ఉంటేనే అందులోని విటమిన్-ఎ ఒంటికి పడుతుంది.

చేపనూనె గోలీలు బాగా పనిచేస్తాయని చాలామంది చెప్పారు. వాటి ఖరీదు చూసి భయపడి డాక్టరమ్మను అడిగాం. అమెరికాలో 535 మంది మీద ఏడాదిపాటు జరిపిన డ్రీమ్ అనే అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. రోజుకు 3 గ్రాముల ఒమేగా-3 ఇచ్చినవాళ్ళకూ, ఆలివ్ నూనె గోలీలు ఇచ్చినవాళ్ళకూ పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి అప్పు చేసి గోలీలు కొనాల్సిన పని లేదన్నారు. మేము వేయించిన అవిసె గింజల పొడి రోజూ ఒక చెంచా అన్నంలో కలుపుకున్నాం. వారంలో మెస్సులో గుడ్డు పెట్టిన రోజు వదులుకోలేదు. ఊరెళ్ళినప్పుడు చేపలు తిన్నాం. వీటివల్లే తగ్గిందని చెప్పలేం. మంచి తిండి ఒంటికి బలం. కంటికి మందు మాత్రం ఆ వేడి గుడ్డే.

మూడో వారానికి పొద్దున రెప్పలు అతుక్కోవడం ఆగింది. పరీక్షలు రాశాం, ముగ్గురం పాసయ్యాం. మూడు నెలలకు మంట చాలావరకు పోయింది. కానీ ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. బీపీ లాగా అదుపులో పెట్టుకోవలసిందే. నాలుగు రోజులు కాపడం మానితే ఐదో రోజు గరగర మళ్ళీ హాజరు. ఇప్పటికీ రోజూ చేస్తున్నాం.

ఆ దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మ ముఖం కొత్తగా చూశాం. ఎర్రని రెప్పల అంచులు, వెంట్రుకల మొదళ్ళలో పొట్టు, కొంగుతో మాటిమాటికీ తుడుచుకునే నీళ్ళు. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. పొగ అనుకున్నాం, మిరపకాయలు ఏరే పని అనుకున్నాం. అమ్మ కూడా అలాగే అనుకుంది. వేడి గుడ్డ చేసి కళ్ళ మీద పెడితే, "నాకు గూడ జబ్బేనా? ముసలితనం అనుకుంటున్న" అంది. ఆమెకు నలభై మూడేళ్ళే. సెలవులు అయ్యేలోపు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు చీటీ మీద రాసింది మా జబ్బు పేరే. మమ్మల్ని చదివించడానికి ఆమె ఎన్నేళ్ళు ఆ మంటతో పని చేసిందో లెక్క వేయలేకపోయాం.

చెల్లెళ్ళూ, ఒకరి తువాలు ఒకరు వాడకండి. ఒకరి కాటుక ఒకరు పెట్టుకోకండి. చదువుతూ మధ్యమధ్య తల పైకెత్తి దూరంగా చూడండి, నిండుగా రెప్ప కొట్టండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా పడుకోండి. కళ్ళు విపరీతంగా నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. వార్డెన్ మేడమ్‌కు మా విన్నపం ఒకటే. ఏటా హాస్టల్లో జరిగే ఆరోగ్య పరీక్షలో అక్షరాలు చదివించడంతో ఆపకుండా, "కళ్ళు మండుతున్నాయా? పొద్దున అతుక్కుంటున్నాయా?" అని ప్రతి పిల్లనూ అడిగించండి. అలా అడిగితే చెప్పేవాళ్ళు ఇప్పుడు కూడా హాస్టల్లో ఉంటారు. వాళ్ళకోసం వంటగదిలో ఒక గిన్నె వేడినీళ్ళు పక్కన పెట్టించండి. సెలవులకు వెళ్ళినప్పుడు మీరు కూడా మీ అమ్మ కళ్ళు ఒకసారి దగ్గరగా చూడండి.