చదివిపెట్టడం

నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం ఇద్దరం కలిసి రాశాం. ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మొదటి ప్రతి ఆయనది. దాన్ని సమీక్షించి, ప్రతి ప్రోగ్రామూ నడిపి చూసే పని నాది. మొదటిది 'రచన', రెండోది 'సాయం' అని నిర్ణయించింది ఎవరు?

ఆయన ఉదాహరణల్లో ఇవతల ఒక సెండ్‌కి అవతల ఒక రిసీవ్. ఒకే కంప్యూటర్‌లో చిన్న సందేశంతో పరీక్షిస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కానీ టీసీపీకి సందేశాల హద్దులు తెలియవు. అది మోసేది బైట్ల ప్రవాహాన్ని. వెయ్యి బైట్లు పంపితే అవతల ఒకసారి మూడొందలు, మరోసారి ఏడొందలు అందవచ్చు. అందుకే ముందు సందేశం పొడవు పంపాలి. అవతల అన్ని బైట్లూ వచ్చేదాకా లూప్‌లో చదవాలి. ఆ ప్రోగ్రాములన్నీ, వాటి వివరణా నేనే తిరగరాశాను.

అచ్చుకి వెళ్ళే ప్రతిలో రచయితగా ఆయన పేరొక్కటే ఉంది. నా పేరు కృతజ్ఞతల్లో, 'ఓపిగ్గా చదివిపెట్టినందుకు'. ఓపిక! ఇంటిచాకిరీకి మనకు దక్కే కితాబు కూడా అదే కదా.

1981 నాటి టీసీపీ ప్రమాణంలోనూ, 2022లో దాని స్థానంలో వచ్చిన దానిలోనూ ఒక నియమం మారలేదు. ఎంతవరకు అందిందో అవతలివాళ్ళు అంకెతో సహా చెప్పాలి. చెప్పకపోతే ఇవతలివాళ్ళు మళ్ళీ పంపుతారు. నేను ఏ పేజీలో ఏం రాశానో జాబితా చేసి సంపాదకులకు పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ పంపాను. పేరు చేరింది.

కృతజ్ఞతల పేజీల్లోనే ఆగిపోయిన స్త్రీల రచనని వెతికి, లెక్క కట్టాల్సిన పని మిగిలే ఉంది.