రెండు పేర్ల మనుషులం

మాదిగపల్లెలో పుట్టిన మాకు రెండేసి పేర్లు. బడి రిజిస్టర్లో ఒకటి, గుడి రిజిస్టర్లో ఒకటి. మొదటి పేరుతో హాస్టలు, స్కాలర్‌షిప్పు, బి.ఇడి., గవర్నమెంటు టీచరు ఉద్యోగం వచ్చాయి. రెండో పేరుతో మా అమ్మ పిలుస్తది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ముప్పై అయిదేళ్ళొచ్చినా సంతకం ఒక పేరుతో, ప్రార్థన ఇంకో పేరుతో.

మా ఒంగోలు వైపు ఈ రెండో పేరు కరువులోంచి వచ్చింది. 1876-78 కరువులో మా తాతల తాతలు బకింగ్‌హాం కాలవ తవ్వి కడుపు నింపుకున్నారు. పని ఇప్పించిన క్లౌ దొర దగ్గర వాక్యం విన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. ఆ తర్వాత 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానోడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని లోపలికి పిలిచింది. మమ్మల్ని గడప బయటే నిలబెట్టింది. చర్చి పేరు చెప్పుకుంటే బీసీ-సి, ఒక్క శాతం. అందుకే మాకు రెండు పేర్లు. సరదాకి పెట్టుకున్నవి కావు.

పోయిన డిసెంబరు రెండో శనివారం బడికి సెలవు. తెల్లారేసరికి పల్లెకి పోయాను. నా చిన్ననాటి స్నేహితురాలి నాయన చనిపోయి పది రోజులు. ఆరోజు గుళ్ళో ఆదరణ కూడిక. నేను పోయేసరికే ఇంట్లో గొడవ. వాళ్ళ తమ్ముడికి ఉద్యోగం వచ్చేటట్టుంది. వచ్చేవారం సర్టిఫికెట్ల పరిశీలన.

"పందిరొద్దు, మైకొద్దు, ఫ్లెక్సీ అసలే వద్దు. ఎవుడన్నా ఫోటో తీసి పంపిస్తే నా పని అయిపోద్ది" అంటున్నాడు.

వాళ్ళమ్మ గోడకానుకొని కూర్చున్నది. "మీ నాయన ఊరందరి కాళ్ళకీ చెప్పులు కుట్టాడు. అదే ఊళ్ళో తన చెప్పులు చేత్తో పట్టుకొని నడిచాడు. ఆ పొద్దు ఎవురన్నా అడిగారంట్రా, నువ్వు ఏ దేవుడికి మొక్కుతున్నావని? సచ్చినాక అడుగుతారా?" అన్నది.

పిల్లోడు తలొంచుకున్నాడు. వాడి భయం తప్పు కాదు. ఆమె కోపమూ తప్పు కాదు.

మైకు లేకుండానే కూడిక జరిగింది. ఆడోళ్ళు గొంతెత్తి పాడితే చెరువుకట్ట దాకా వినపడింది. నాకూ ఉద్యోగముంది, నాకూ భయముంది. అయినా నాయన పోయిన మనిషి పక్కన కాక ఇంకెక్కడ కూర్చుంటాను? ముందు వరసలోనే కూర్చున్నాను. తలా ఒక గిన్నె అన్నం, కూర తెచ్చారు. ఆ ఇంట్లో పది రోజులుగా పొయ్యి వెలిగించనీయలేదు పల్లె.

మధ్యాహ్నం గుడి అరుగు మీద పిల్లలతో క్రిస్మస్ స్టార్లు చేయించాను. వెదురు చీల్చడం, పురికొసతో కట్టడం, రంగు కాగితాలు కత్తిరించడం, మైదా ఉడకేసిన జిగురుతో అంటించడం. అట్టకి వెలుతురు బొక్కలు పొడవాలంటే కత్తెర వంగిపోతోంది. నా స్నేహితురాలు లేచి ఇంటికి పోయి వాళ్ళ నాయన ఆరె తెచ్చింది. పిడి అరచేతి ఆకారానికి అరిగి నున్నగా ఉంది. లందలో తోళ్ళు నానేసేది, తంగేడు చెక్క దంచేది, సున్నానికి వేళ్ళు పగిలేది - బొక్కలు పొడుస్తానే పిల్లలకి చెప్పింది. చెప్తా చెప్తా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. నేను జిగురు గిన్నె ఆమె దగ్గరికి జరిపాను. కాసేపటికి తమ్ముడొచ్చి మాట్లాడకుండా వెదురు చీల్చడం మొదలుపెట్టాడు.

రాత్రి వాడి కాగితాలు వరస పెట్టాను. మతం దగ్గర 'హిందూ' అని రాసి ఆగాడు. "అక్కా, నాయన పేరు ఏం రాయను?" అన్నాడు. "రికార్డుల్లో ఉన్నదే రాయి నాయనా" అన్నాను. సమాధి మీద కర్ర శిలువకి రాసింది వేరే పేరు.

మతం మారితే కులం పోయిందంటది కాగితం. టౌన్లో నేను అద్దె ఇంటికి తిరిగినప్పుడు ఏ ఓనరూ మతం అడగలేదు, "మీరేమిట్లు?" అనే అడిగారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికినోళ్ళు ఎవరు ఏ దేవుడికి మొక్కుతున్నారో విచారించి నరకలేదు. ప్రాణాలు దక్కినోళ్ళు చీరాల పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఊరికి మా కులం ఎప్పుడూ తెలుసు. తెలియనట్టు నటించేది చట్టమే.

చదువుకుంటున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! రిజర్వేషన్ గురించి మీటింగులు పెట్టేటప్పుడు ఈ మాట కూడా ఎజెండాలో రాయండి. మా పిల్లలు తండ్రి పేరు రాయడానికి కలం పట్టుకొని ఆగే పరిస్థితి ఉండకూడదు. బతికినన్నాళ్ళు ఏ పేరుతో పిలిచామో, ఆ పేరుతోనే మావాళ్ళకి ఏడ్చే హక్కు మాకు కావాలి.